కోటు మీది పిట్ట

ఉదయం ఆరున్నర. మైనస్ పదకొండు.
ఓర్విల్ వ్యానులో హీటరు మళ్ళీ చచ్చిపోయింది,
అయినా అద్దాలు దించమంటాడు.
"చెవులు మూసుకుని పక్షుల్ని చూడ్డమంటే
ముక్కు మూసుకుని కాఫీ తాగడమే."
ఫ్లాస్కు మూత చేతులు మారుతోంది.
కాఫీకి వాసన ఎప్పుడో పోయింది, వేడి ఇంకా కాస్త ఉంది.

టూలీ లేక్ గట్టు మీద కంకర రోడ్డు.
ఇటు దుంపలు తవ్వేసిన చేలు,
అటు సగం గడ్డకట్టిన నీళ్ళు.
దూరంగా షాస్తా కొండ,
దానికొక్కదానికే తెల్లారినట్టు.

మేం నలుగురం. పధ్నాలుగేళ్ళుగా
జనవరి మొదటి శనివారం.
రాసేది టెస్సా. ఆమె పెన్సిలు దాటి ఏదీ లెక్కలోకి రాదు.
"అదిగో మెర్లిన్!" అని ఓర్విల్ అరిస్తే
"ఇంకెవరు చూశారు? ఇద్దరైనా చూడాలి" అంటుంది.
ఓసారి గుడ్లగూబ అని అతను చూపించింది
కంచె గుంజకు తగిలించిన చేతి తొడుగు.

మంచుగడ్డ అంచున హంసలు నిద్రపోతున్నాయి,
మెడలు వీపుల్లో దాచుకుని,
ఉతికి ఆరేయడం మరిచిన మూటల్లా.
సూదితోక బాతులు, చెంచామూతి బాతులు.
బొల్లికోళ్ళు. వాటినెవరూ పట్టించుకోరు,
అవి మమ్మల్ని అంతకన్నా పట్టించుకోవు.
తెల్లతల డేగ ఒకటి గడ్డ మీద నిలబడి
చచ్చిన బాతును తాపీగా విప్పుతోంది,
తొందర లేని గుమాస్తా ఫైలు విప్పినట్టు.

ఏదో నీడ పడింది. మంచుబాతులు
ఒక్కసారిగా లేచాయి,
సంతంతా ఒకే గొంతుతో బేరమాడినట్టు.
"ఐదు వేలు" అన్నాడు ఓర్విల్.
"రెండున్నర" అంది టెస్సా.
మూడు వేల ఏడొందల దగ్గర తెగింది.

ఎండ వచ్చాక జాయిస్ కోటు గుండీలు విప్పింది.
స్వెట్టరు మీద, ఎడమవైపు, ఆ పిట్ట.
బొటనవేలంత. పండ్ల పెట్టె చెక్కలోంచి చెక్కింది.
పసుపు రొమ్ము, దాని మీద నల్లటి వంపు.
కాళ్ళు మాత్రం ఇనప తీగ,
కిటికీ జాలీ కత్తిరించగా మిగిలిన ముక్కలు.
వాళ్ళమ్మమ్మ హరుయే చేసింది,
ఈ గట్టుకు కాస్త అవతలే,
తారుకాగితం కప్పిన బ్యారక్‌లో,
యుద్ధం రోజుల ముళ్ళకంచె లోపల.

ఏటా దాని జాతి మీద మాకు పోట్లాట.
ఓర్విల్: మెడోలార్కే, ఆ వంపు కనబడట్లేదూ?
టెస్సా: ముక్కు పొట్టి. తోక తప్పు.
నేను: చలికాలం ఈకల్లో ఉందేమో.
జాయిస్ ఏమీ అనదు, శాండ్‌విచ్‌లు పంచుతుంది.

ఈసారి అంది.
"అమ్మమ్మకు చూపు ఆనేది కాదు.
కళ్ళజోడు శాక్రమెంటోలో ఉండిపోయింది, ఇంటితో పాటు.
కంచె మీద ఏదో వాలేదట,
ఆమెకు కనబడేది ఒక పసుపు మచ్చ.
మిగతాదంతా పక్క బ్యారక్ పిల్లల్ని అడిగింది.
ఒకడు ముక్కు పొడుగన్నాడు,
ఒకడు పొట్టి అన్నాడు."

వ్యానులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఓర్విల్ హీటరును ఒక్కటి పీకాడు.
అది పనిచేసింది, ఒక నిమిషం.

టెస్సా కాగితం తిప్పింది.
"ముగ్గురు చూశారన్న మాట," అంది,
"తేదీ?"
"తెలీదు. నలభై నాలుగు.
అమ్మమ్మ చలి గురించి చెప్పేది, నెల చెప్పలేదు."
పెన్సిలు కాసేపు గాల్లో ఆగింది.
రాసిందో లేదో నేను చూడలేదు,
అద్దం మీద నా ఊపిరే తుడుచుకుంటున్నాను.

సాయంత్రం గేటు దగ్గర లెక్క చూసుకున్నాం.
యాభై మూడు జాతులు. పోయినేటి కన్నా నాలుగు తక్కువ,
నీళ్ళూ తక్కువే.
"బొల్లికోళ్ళు ఎన్ని?" అడిగింది జాయిస్.

ఎవరమూ లెక్కపెట్టలేదు.

వెలుతురు ఇంకో ఇరవై నిమిషాలుంటుందేమో.
ఓర్విల్ ఏదో గొణిగాడు,
వ్యాను వెనక్కి తిప్పాడు.